ఎర్ర తాళం

చివరి మనిషిని నేలమీదికి దింపేసరికి మెరిన్ చేతులు తన మాట వినడం మానేశాయి. ఆ చివరి మనిషి ఐవీ టాప్సెల్. డ్రోవర్స్ హెడ్ కొండ ఊరికి ఏళ్ళ తరబడి ఉత్తరాలు పంచి, ఇప్పుడు అందరి ఇళ్ళలో సంగతులు పంచుతూ కాలక్షేపం చేస్తున్న ఆవిడ. రోప్‌వే ఏడో స్తంభం అవతల వేలాడుతున్న క్యాబిన్ తలుపు తెరిచి, నడుముకీ తొడలకీ పట్టీలు బిగించి, మెరిన్ ఆవిడని అంగుళం అంగుళం కిందికి వదిలింది. తర్వాత తను కూడా అదే తాడు పట్టుకుని మంచులోకి దిగి, మోకాళ్ళమీద కూలబడిపోయింది.

"ఉచితంగా తిప్పుతామన్నారు గానీ ఇలా బస్తాలా దించుతామని చెప్పలేదే!" అంది ఐవీ, టోపీ సర్దుకుంటూ.

"దించడం కూడా ఉచితమేలే ఐవీ."

"నీ చేతులు చూడవే పిల్లా, చచ్చిన చేపల్లా ఉన్నాయి. పద, టీ తాగుదువుగాని."

ఆ బుధవారం ఊరివాళ్ళ రోజు. వేసవంతా హెలికాప్టరు కాంక్రీటు తొట్లు మోస్తూ చెవులు చిల్లులు పడేలా తిరిగింది. తవ్వకాల దుమ్ము అందరి దుప్పట్లలోకీ చేరింది. అదంతా ఓర్చుకున్నందుకు, కొత్త రోప్‌వే తయారయ్యాక, నగరం నుంచి జనం వచ్చి పడకముందే ఊరివాళ్ళని ఎక్కించి తిప్పడం ఆ కొండల్లో మర్యాద. అందరూ ఎక్కారు. క్యాబిన్లు సగం దారిలో ఉండగా, లోయలో మంచు బరువుకి ఒక చెట్టుకొమ్మ విరిగి కరెంటు తీగలమీద పడింది. మోటారు ఆగిపోయింది.

ఆగితే భయపడాల్సింది లేదు, దానికి ఏర్పాటుంది. పై స్టేషన్లో ఇల్లంత పెద్ద చక్రం తాడుని తిప్పుతుంది. కరెంటు ఉన్నంతసేపూ ఆ చక్రాన్ని మోటారు తిప్పుతుంది. కరెంటు పోతే పక్కనే ఉన్న డీజిల్ ఇంజను అందుకుని, ఎద్దుబండి నడకలో అయినా సరే, అందరినీ ఇల్లు చేరుస్తుంది. ఆ రోజు ఇంజను అందుకుంది. కొన్ని క్యాబిన్లని స్టేషన్లోకి లాగింది. తర్వాత ఎవరో పీక నొక్కుతున్నట్టు గుర్రుగుర్రుమని, దగ్గి, ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచి చీకటి పడేదాకా మెరిన్, రోప్‌వే నడిపే మిగతా జట్టూ స్తంభాలెక్కడం, తాడుమీద జారుకుంటూ వెళ్ళడం, పట్టీలు కట్టడం, దింపడం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది వాళ్ళ అదృష్టం, అంతకన్నా మెరిన్ భుజాల పుణ్యం.

ఇంజను డూగల్ ప్రైక్‌ది. అంటే ఆయన సొంతమని కాదు. ఆ కొండమీద కుర్చీల లిఫ్టు ఉన్న రోజుల నుంచీ ఇంజన్ల దగ్గర ఉన్నది ఆయనే. మెరిన్ పైకి వెళ్ళేసరికి ఆయన నెత్తిన టోపీ లేకుండా ప్లాట్‌ఫారం అంచున నిలబడి ఉన్నాడు. వచ్చిన ప్రతి ముఖాన్నీ పట్టి పట్టి చూస్తున్నాడు. చేతిలో ఒక గుడ్డపేలిక. దానితో వేళ్ళు తుడుచుకుంటున్నాడు, ఆపుతున్నాడు, మళ్ళీ తుడుచుకుంటున్నాడు. పక్కనే చెత్తడబ్బా ఉన్నా, ఆ పేలికని మడిచి కోటు జేబులో కుక్కుకున్నాడు.

"అందరూ దిగారా?"

"అందరూ దిగారు. ఐవీ అప్పుడే నోరు కూడా చేసుకుంటోంది."

ఆయన తల ఊపాడు. నవ్వలేదు.

గురువారం పొద్దున, ఎడారుల మీంచి వచ్చే ఉత్తరపు గాలి వెచ్చగా తిరిగింది. చూరుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కరెంటు వచ్చేసింది. రోప్‌వే తయారుచేసిన కంపెనీ ఇంజనీరు పైకి వచ్చి మీట నొక్కాడు. ఇంజను ఒక్క పట్టున అందుకుని, నిన్న ఏమీ ఎరగనట్టు గడగడమంటూ నడిచింది. టీ చల్లారేంతసేపు నడిపి చూశాడు. ఏ లోపమూ కనపడలేదు.

"ఇవాళ నడుస్తోంది," అన్నాడు ఇంజనీరు. "నిన్న ఇక్కడ నేను లేను. ఇంతకుమించి చెప్పలేను."

రిసార్టు మేనేజరు గ్రాంట్‌కి ఆ మాట చాలింది. శనివారం పొద్దున సీజను మొదలు. చలికాలం జూన్‌లో వచ్చే ఆ దేశంలో రాజుగారి పుట్టినరోజు సెలవులు కూడా కలిసొచ్చి లాడ్జీల్లో గది దొరకడం లేదు. అలాంటప్పుడు ఎవరో ఒకరు తప్పు చేసి ఉంటే అందరికీ హాయి. అందరి ముందూ డూగల్ వైపు తిరిగాడు.

"డీజిల్ కుళాయి తెరిచావా నిన్న?"

డూగల్ ఒక్కసారి మెరిన్‌ని చూశాడు. తర్వాత బూట్లకేసి చూసుకున్నాడు.

"మరిచిపోయి ఉంటాను."

"మరిచిపోయి ఉంటావు," అన్నాడు గ్రాంట్, మెల్లిగానే. "ఆకాశంలో అంతమంది వేలాడుతుంటే మరిచిపోయావు. ఈ వారాంతం ఇంట్లో ఉండు డూగల్. ఆ తర్వాత మాట్లాడదాం. స్టేషను తాళాలు ఇటిచ్చెయ్."

ఆ తర్వాత మాట్లాడేదేమీ ఉండదని అక్కడున్న అందరికీ తెలుసు. డూగల్ గుత్తి తీసి బల్లమీద పెట్టాడు. దాంట్లోంచి ఒక చిన్న తాళంచెవిని మాత్రం విడదీసి ఉంచుకున్నాడు. అది తన సొంత తాళానిది. యంత్రంమీద చెయ్యి వేసే ప్రతివాడికీ తన పేరున్న ఎర్ర తాళం ఒకటి ఉంటుంది. పని మొదలుపెట్టేముందు, మధ్యలో ఎవరూ యంత్రం తిప్పకుండా మోటారు స్విచ్చికి దాన్ని తగిలిస్తారు. వేసినవాడు తియ్యాలి తప్ప, ఆ తాళాన్ని దేవుడొచ్చినా తియ్యడానికి లేదు. గ్రాంట్ ఆ చిన్న తాళంచెవిని అడగలేదు.

మెరిన్‌కి ఒళ్ళు మండిపోయింది. కుళాయి మూసి ఉంటే పైపులో మిగిలిన చుక్కలతో ఇంజను ఎంతసేపు ఆడుతుంది? మహా అయితే రెండు దగ్గులు. నిన్న అది క్యాబిన్లని లాక్కొచ్చింది. ఈ మాట తను అక్కడే అనేది. కానీ తప్పు తనదేనని మనిషే ఒప్పుకుంటుంటే, పక్కనున్నవాళ్ళకి నోరెలా వస్తుంది? ఆ మధ్యాహ్నమంతా స్తంభాలమీద కప్పీలకి గ్రీజు పెడుతూ తనలో తనే గొణుక్కుంది. ఫ్లాస్కు మూత రెండుసార్లు బిగించి చూసుకునే మనిషి. మరిచిపోయాడట!

పని అవగానే డూగల్ ఇంటికి వెళ్ళింది. ఆయన పెరట్లో కట్టెలు చీలుస్తున్నాడు. రెండు మాగ్‌పై పిట్టలు కంచెమీద కూర్చుని మాంసం ముక్కకోసం ఎదురుచూస్తున్నాయి. బట్టలు ఆరేసే తీగమీద ఒకే ఒక గుడ్డపేలిక, ఉతికి ఆరేసి ఉంది. ఇంజనుగదిలో పేలికలు బస్తాలకి బస్తాలుంటాయి. వాటిని ఉతికినవాణ్ణి మెరిన్ ఇంతవరకూ చూడలేదు.

"ఎందుకలా అన్నావు?" అని అడిగింది, పలకరింపులు లేకుండా.

"అరవై ఎనిమిదేళ్ళొచ్చాయమ్మాయ్. మతిమరుపు రాకూడదా?"

"నీకా? ఐవీ ఎప్పుడో నీ దగ్గర తీసుకున్న స్పానరు గురించి మొన్న కూడా ఆవిడకి గుర్తుచేశావు."

"అది మంచి స్పానరు." గొడ్డలి దుంగలో దింపి, చేతులు నడుముమీద పెట్టుకున్నాడు. "ఎలాగూ ఉద్యోగంలో ఇదే నా చివరి చలికాలం. వాళ్ళేమనుకుంటే నాకేం?" అని, వేరే గొంతుతో అన్నాడు. "నన్నొకసారి పైకి తీసుకెళ్తావా? రేపు సాయంత్రంలోగా. సామాన్లున్నాయి."

"ఏం సామాన్లు?"

"సామాన్లే."

"గ్రాంట్ ఒప్పుకోడు. ఏం కావాలో చెప్పు, నేను తెస్తాను."

ఆయన కట్టెలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. మనసులో ఏదో పెట్టుకుని బిగపట్టినప్పుడు ఆయన మెడ ఎర్రబడుతుంది. ఇప్పుడూ ఎర్రబడింది.

పొద్దు వాలుతుండగా మెరిన్ పై స్టేషనుకి వెళ్ళి, గోడవతల ఉన్న ఇంజను ట్యాంకు అడుగు కుళాయి తిప్పి, రొట్టెకి రాసుకునే వెజిమైట్ ఖాళీ సీసాలోకి కాస్త డీజిల్ పట్టింది. మంచు చదునుచేసే బండి ట్యాంకు నుంచి ఇంకో సీసా. రెండూ ఒకే రంగు. రెంటినీ వర్క్‌షాపు కిటికీ బయట గట్టుమీద పక్కపక్కన పెట్టి ఇంటికి వెళ్ళింది. అప్పటికే గాలి, మంచు సముద్రాలున్న దక్షిణానికి తిరిగి, చూరుల చినుకులు ఆగిపోయాయి.

శుక్రవారం తెల్లారేసరికి కొండంతా గట్టిపడి ఉంది. మెరిన్ సీసాలు చేతిలోకి తీసుకుంది. బండి డీజిల్ తేటగా అటూ ఇటూ ఊగింది. రెండోది ఊగలేదు. చలికాలం నెయ్యిలా తెల్లగా పేరుకుని, సీసా వంచితే బద్ధకంగా ఒక పక్కకి ఒరిగింది.

ఆ కొండల్లో ఇది ఏమిటో బడిపిల్లలకి కూడా తెలుసు. పల్లపు డీజిల్, అంటే చలికి పేరుకుపోయే మామూలు రకం. చలికి తట్టుకునే పలుచటి రకం కొండ కిందున్న బంకులోనే అమ్ముతారు. ప్రతి చలికాలం నగరం నుంచి ఎవడో ఒకడు ఆ నగరపు డీజిల్‌తోనే ట్యాంకు నింపుకుని వస్తాడు, పొద్దున్నే కారు మొరాయిస్తుంది, కొండవాళ్ళు చుట్టూ చేరి సరదాగా నవ్వుకుంటారు. మెరిన్‌కి నవ్వు రాలేదు. ఎండ తగిలితే ఆ తెలుపు కరిగిపోతుంది, ఇంజను బుద్ధిగా నడుస్తుంది, తప్పు మనిషిమీద ఉండిపోతుంది. నిన్న జరిగింది అదే. అంతకన్నా చేదు సంగతి ఇంకోటుంది. కొండమీది ఆ ట్యాంకుని మార్చిలో నింపినవాడు ఒక్కడే. తవ్వకపు యంత్రాలకి డీజిల్ తోలిన డారిల్. ఆమె సొంత తమ్ముడు.

లోయలో డారిల్ షెడ్డు ముందు ట్యాంకరు నిలబడి ఉంది. వాడు చక్రాలకి మంచు గొలుసులు సరిచేస్తున్నాడు.

"ఏంటి మెర్, పొద్దున్నే? టిఫిను తెచ్చావా?"

ఆమె వెజిమైట్ సీసా ట్యాంకరు మడ్‌గార్డుమీద పెట్టింది. వాడు దాన్ని చూశాడు. చేతిలో గొలుసు మెల్లిగా కిందికి జారింది.

"ఆవేళ వాన ముంచుకొచ్చింది," అన్నాడు చివరికి. "పొలాలకి పోయగా సగం ట్యాంకరులో మిగిలిపోయింది. కొండ దిగి మళ్ళీ ఎక్కే టైము లేదు. చలి వచ్చేలోపు ఇంజను పరీక్షలకే కాల్చేస్తారు, మళ్ళీ నింపుతారు అనుకున్నా. తర్వాత మరిచిపోయా. నిజంగా మరిచిపోయా, మెర్."

"డూగల్ మెడకి చుట్టుకుందిరా అది."

"తెలుసు."

"తెలుసా?"

"బుధవారమే ఫోన్ చేశాడు. ఫిల్టరు విప్పితే తెల్లగా ఉందట, చూడగానే అర్థమైపోయిందట. నువ్వు నోరెత్తకు, నీకు పిల్లలున్నారు, కాంట్రాక్టు పోతుంది, ట్యాంకు నేనే గుట్టుగా ఖాళీ చేసి మార్చేస్తా అన్నాడు." డారిల్ ముఖం తిప్పుకున్నాడు. "నిన్న తాళాలు లాగేసుకున్నారని కూడా చెప్పాడు."

అదీ సామాన్ల కథ, ఉతికి ఆరేసిన పేలిక కథ. మెరిన్‌కి ఆ ముసలాయనమీద జాలి, కోపం ఒక్కసారే పొంగుకొచ్చాయి. ఎంత మంచితనమైతే మాత్రం, ట్యాంకులో ఆ డీజిల్ అలాగే ఉంది. రేపు మైనస్ తొమ్మిది అంటున్నారు. రేపు ఎక్కేవాళ్ళు ఊరివాళ్ళు కారు. చంటిపిల్లలతో వచ్చేవాళ్ళు, ఈ చలి ఎరగనివాళ్ళు.

"ఎవరికీ ఏం కాలేదుగా," అన్నాడు డారిల్, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

"ఐవీని ఈ చేతులతో దించానురా. ఎముకలు తగిలాయి నాకు, పిట్టలా ఉంది. రేపు కరెంటు పోతే ఎంతమందిని దించాలి నేను? నీ కాంట్రాక్టు కోసం ఎంతమందిని?"

వాడు గొలుసు తీసుకుని మళ్ళీ చక్రం దగ్గర వంగాడు.

"నీ పేరు నేను చెప్పను," అంది మెరిన్. "నువ్వే వచ్చి చెప్పాలి. ఖాళీగా రాకు, మంచి డీజిల్ తీసుకురా. రాకపోతే కూడా ఆ రోప్‌వే తిరగదు. అది నేను చూసుకుంటా."

సీసా తీసుకుని తిన్నగా గ్రాంట్ ఆఫీసుకి వెళ్ళింది. అతను దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఈలోగా గది వెచ్చదనానికి అంచులు తేటపడుతున్నాయి.

"ఎవరు పోశారు?"

"పోసినవాడు వచ్చి చెప్తాడు."

"అంటే డూగల్ కోసం నువ్వొక కథ అల్లావు." సీసా బల్లమీద పెట్టాడు. "నిన్న నడిచింది, మెరిన్. ఇంజనీరు కళ్ళముందు నడిచింది. సెలవులయ్యాక ట్యాంకు మార్పిద్దాం. ఈ మూడు రోజులూ నన్ను బతకనీ."

"ఈ మూడు రోజులే కదా జనం ఉండేది!"

అతను అప్పటికే ఫోనందుకున్నాడు.

శనివారం పొద్దున కింది స్టేషను దగ్గర తిరునాళ్ళలా ఉంది. మంచు పలచగా ఉన్నా జనం దాన్ని లెక్కచెయ్యలేదు. రంగురంగుల కోట్లు, భుజాన స్కీలు, ఇనుప పెనంమీద చందాలకోసం సాసేజీలు కాల్చి రొట్టెలో పెట్టి ఇస్తున్న ఫైర్‌బ్రిగేడువాళ్ళు. పై స్టేషన్లో ఊపిరి పొగలా గడ్డకడుతోంది. మెరిన్ మోటారు గదిలోకి వెళ్ళి, పెద్ద స్విచ్చి కిందికి దించి, తన ఎర్ర తాళం తగిలించి నొక్కింది. టక్కున పడింది. తాళంచెవి మెడలో వేసుకుని, చొక్కా లోపలికి జారవిడిచి, స్విచ్చి పక్కన పెట్టెమీద కూర్చుంది. ఈ తాళంతో ఇరవై ఏళ్ళ ఉద్యోగం పోవచ్చని తెలుసు.

కాసేపు రేడియో అరిచింది. తర్వాత గ్రాంటే, ఇంజనీరుని వెంటబెట్టుకుని, మంచుబండిమీద పైకి వచ్చాడు. చలికో కోపానికో ముఖం కందిపోయి ఉంది.

"తియ్యి."

"ట్యాంకు మారాక తీస్తా."

"కింద ఎంతమంది ఉన్నారో తెలుసా?"

"తెలుసు. అందుకే వేశాను."

గ్రాంట్ తలుపు దగ్గర నిలబడ్డ జట్టువైపు తిరిగాడు. "సియోనె, బోల్టు కట్టరు పట్రా."

సియోనె అక్కడి ఎలక్ట్రీషియను, తలుపు నిండా ఉండే మనిషి. కట్టరు అతని వెనకే గోడకి వేలాడుతోంది. అతను దానికేసి చూశాడు, తాళంమీదున్న మెరిన్ పేరుకేసి చూశాడు, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"అది నా తాళం కాదు గ్రాంట్," అన్నాడు శాంతంగా.

మిగతావాళ్ళు బూట్లు చూసుకున్నారు. కట్టరు తియ్యడానికి ఒక్క చెయ్యీ లేవలేదు. గ్రాంట్ తనే రెండడుగులు వేశాడు. ఆగిపోయాడు. అతనూ ఒకప్పుడు స్తంభాలెక్కినవాడే. మనిషి తాళం కోసినవాడితో ఆ కొండమీద ఇంకెవరూ పని చెయ్యరని అతనికీ తెలుసు.

"మంగళవారం నీకు ఉద్యోగం ఉండదు," అన్నాడు.

"సరే. మరి ఇవాళ్టికి ఉందిగా. కూర్చుంటాను."

అప్పుడు బయట గొలుసుల చప్పుడు వినిపించింది. తక్కువ గేర్లో మూలుగుతూ ఏదో బరువైన బండి సర్వీసు రోడ్డుమీద ఎక్కి వస్తోంది. మెరిన్ లేవలేదు. లేచి చూస్తే అది డారిల్ ట్యాంకరు కాదేమోనని భయం. తలుపు దగ్గర జనం పక్కకి తప్పుకున్నారు. డారిల్ లోపలికి వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని. వాడి వెనకాల డూగల్.

"మార్చిలో ఆ ట్యాంకులో పల్లపు డీజిల్ పోసింది నేను," అన్నాడు డారిల్. "డూగల్ కుళాయి తెరిచే ఉంచాడు. నన్ను కాపాడ్డానికి అబద్ధం ఆడాడు. మంచిది తెచ్చాను, బయట బండిలో ఉంది."

గ్రాంట్ చాలాసేపు డూగల్‌నే చూశాడు.

"నీ సంగతి మంగళవారం చూస్తా," అన్నాడు డారిల్‌తో. తర్వాత, ఎవరితోనో తెలీనట్టు, "ఆ ట్యాంకు ఎవరు ఖాళీ చేస్తారు? గొట్టాలన్నీ కడగాలి."

జవాబుగా డూగల్ స్విచ్చి దగ్గరికి నడిచాడు. జేబులోంచి తన తాళం తీశాడు. రంగు వెలిసి గులాబీ అయిపోయిన పాత తాళం. మెరిన్ తాళం పక్కన తగిలించి నొక్కాడు. పనిలో చెయ్యి పెట్టేముందు ఎవరైనా చెయ్యాల్సిందే అది. గ్రాంట్ వద్దనలేకపోయాడు.

ట్యాంకు ఖాళీ చేశారు. ఫిల్టరు విప్పితే తెల్లటి ముద్ద ఊడి సియోనె అరచేతిలో పడింది. అతను దాన్ని గ్రాంట్ ముందు పట్టాడు. గొట్టాలు కడిగారు, కొత్త ఫిల్టరు వేశారు, మంచి డీజిల్ నింపారు. డారిల్ పంపు దగ్గర నిలబడి ఎవరు ఏది అందించమంటే అది అందించాడు. కరెంటు స్విచ్చికి తాళాలు అలాగే ఉంచి, డూగల్ ఇంజను లేపాడు. అది మొదట కసురుకుంది, తర్వాత సర్దుకుంది. పెద్ద చక్రం కదిలింది. ఖాళీ క్యాబిన్లు మంచుపొగలోంచి ఒక్కొక్కటే, తొందర లేకుండా, స్టేషన్లోకి వచ్చాయి. మొదట బయల్దేరినది మొత్తం చుట్టు తిరిగి మళ్ళీ కనిపించేదాకా డూగల్ ఆపలేదు. ఆ చలిలో ఒక్క దగ్గు కూడా దగ్గలేదు ఇంజను.

మెరిన్ చొక్కాలోంచి తాళంచెవి పైకి లాగి, తన తాళం తీసేసింది.

కింద జనం పాటలు మొదలుపెట్టారని రేడియోలో ఎవరో చెప్పారు. గ్రాంట్ స్విచ్చివైపు చెయ్యి చాచాడు. చెయ్యి గాలిలోనే ఆగింది. ఇంకో తాళం ఉంది.

డూగల్ గోడ పక్కన బల్లమీద కూర్చుని ఒక్కో వేలూ తుడుచుకుంటున్నాడు. అదే పేలిక, ఉతికింది.

"డూగల్," అన్నాడు గ్రాంట్. "ఆ తాళం..."

"ఏది?"

"నీది."

"వారాంతం ఇంట్లో ఉండమన్నావుగా. నేనిక్కడ లేను."

సియోనె దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకున్నాడు. రేడియో మళ్ళీ గీపెట్టింది. గ్రాంట్ దాన్ని కట్టేశాడు. జట్టంతా చూస్తోంది. ఇంజనీరు చూస్తున్నాడు. గురువారం అందరి ముందూ అడిగాడు, ఇప్పుడూ అందరూ ఉన్నారు.

"నిన్ను అడిగిన పద్ధతి తప్పు," అన్నాడు. "నిజం తెలుసుకోకుండా తాళాలు తీసుకున్నాను. అదీ తప్పే." కోటులోంచి గుత్తి తీసి, ఆయన పక్కన బల్లమీద పెట్టాడు. "వచ్చి తీస్తావా?"

డూగల్ పేలిక మడిచి, ఈసారి చెత్తడబ్బాలో వేశాడు. లేచి స్విచ్చి దగ్గరికి వస్తుంటే మెరిన్ దారికి అడ్డంగా నిలబడింది.

"మా తమ్ముడి తప్పు ఇంకెప్పుడూ నువ్వు మొయ్యకు," అంది ఆయనకి మాత్రమే వినపడేలా. "వాడు మంచివాడనుకున్నావు కదా? అయితే తప్పు ఒప్పుకోవడం వాడికే వదిలెయ్యాల్సింది."

ఆయన మెడ ఎర్రబడింది. "అవునమ్మాయ్," అన్నాడు. "అది నాకు తట్టలేదు."

ఆమె పక్కకి జరిగింది. కిటికీలోంచి చూస్తే బయట డారిల్ ఒక్కడే మంచులో నిలబడి, గడ్డకట్టిన పైపుని చుట్టలేక అవస్థ పడుతున్నాడు. మెరిన్ చేతి తొడుగులు వేసుకుని, రెండో కొస పట్టుకోవడానికి వాడి దగ్గరికి వెళ్ళింది. ఆమె పైపు ఎత్తుతుండగా వెనక గదిలో తాళం తెరుచుకున్న చప్పుడు, ఆ వెంటనే మోటారు హోరు వినిపించాయి.